మా సాలూరు రైలుబస్సు

సాలూరు అనగానే అందరికీ లారీలు గుర్తొస్తాయి. కానీ ఈ ఊరికి లారీలకంటే ముందే రైలొచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో లైను వేశారు. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకి కొమ్మ తీశారు, సుమారు 18 కిలోమీటర్లు. అప్పుడది బెంగాల్ నాగపూర్ రైల్వే.

పట్టాలు ఇక్కడితో ఆఖరు. ఆపైన కొండలే. కోరాపుట్ వెళ్లాలంటే ఘాట్ రోడ్డు ఎక్కాల్సిందే. 1931లో పూర్తయిన రాయపూర్ లైను కూడా పార్వతీపురం మీదుగానే పోయింది. మనది కొస స్టేషనుగానే మిగిలింది.

తర్వాతి కాలంలో ఈ దారిలో తిరిగింది రైలుబస్సు. ఇంజనూ పెట్టే ఒకటే, చూస్తే పట్టాలెక్కిన బస్సులా ఉండేది. చంటిపిల్లతో, చింతపండు మూటతో ఎక్కి కూర్చుంటే చాలు, బొబ్బిలిలో దిగి విశాఖ వైపో రాయగడ వైపో రైలు అందుకోవచ్చు.

2020 మార్చిలో కరోనాకి దేశమంతా రైళ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక సాలూరు మన్యం జిల్లాకి వచ్చింది, బొబ్బిలి విజయనగరంలోనే ఉండిపోయింది.

చిన్న లైనులో టికెట్ల డబ్బు తక్కువే కావచ్చు. కానీ చార్జీకి ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఒక ఆడమనిషి తనంతట తాను పుట్టింటికి వెళ్లిరావడాన్ని ఏ పద్దులో రాస్తారు?