విడాకుల తరువాత బిడ్డ: నంద్యాల సీమలో సంరక్షణ హక్కుల చరిత్ర

నల్లమల పడమటి అంచున మహానంది మొదలుకొని అహోబిలం వరకు, కుందూ నది పారే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో, ఆలుమగలు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న ప్రశ్న చిరకాలం కులపెద్దల మాటతో తేలిందే గాని న్యాయస్థానం గడప ఎక్కినది కాదు. అది కోర్టుల చేతికి చేరిన క్రమం తెలియాలంటే ముందుగా మూడు హక్కులను వేరుచేసి చూడాలి. బిడ్డ ఆస్తికి, చదువుకు, పెళ్లికి సంబంధించిన నిర్ణయాధికారం గార్డియన్‌ది, అంటే సంరక్షకుడిది. బిడ్డను రోజూ దగ్గర పెట్టుకొని పెంచే హక్కును కస్టడీ అంటారు. కస్టడీ దక్కని తల్లి గాని తండ్రి గాని నిర్ణీత వేళల్లో బిడ్డను కలుసుకొనే హక్కు సందర్శన హక్కు. మొదటి రెండింటి గురించి శాస్త్రాలూ చట్టాలూ విస్తారంగా మాట్లాడాయి; మూడోది అన్నిటికంటే ఆలస్యంగా కాగితం మీదికి వచ్చింది.

వివాహం తెగని బంధమని ధర్మశాస్త్రం చెప్పినా, తెలుగు నేల మీద చాలా కులాల్లో విడాకులు, మారుమనువు ఆచారంగా చెల్లుబాటయ్యాయని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథం నమోదు చేసింది. కులపెద్దల ఎదుట ఓలి సొమ్ము (పెళ్లికి వరుని వారు వధువు వారికి ఇచ్చినది) తిరిగి చెల్లిస్తే బంధం తెగేది, స్త్రీ మరొకరిని మనువాడేది. అయితే బిడ్డ సాధారణంగా తండ్రి ఇంటిపేరుకు, తండ్రి భూమికి చెందినవాడిగానే లెక్కకు వచ్చేవాడు. పాలు తాగే పసివాడు తల్లి దగ్గర కొంతకాలం ఉన్నా, అది తల్లికి గుర్తించిన హక్కు కాదు, పసివాడి అవసరానికి ఇచ్చిన గడువు మాత్రమే. మారుమనువుకు దారి తెరిచిన ఆచారమే ఆ తల్లిని బిడ్డకు దూరం చేసిందన్న నిజాన్ని, ఆచార స్వేచ్ఛను మెచ్చుకొనేవారు తరచుగా విస్మరిస్తారు.

ఆ కఠినత్వాన్ని కొంతవరకు తగ్గించింది మేనరికం. మేనమామకో మేనత్త కొడుకుకో పిల్లనిచ్చే రాయలసీమ కుటుంబాల్లో భార్యాభర్తలు విడిపోయినా రెండు ఇళ్ల మధ్య చుట్టరికం తెగదు. విడిచిపెట్టిన భర్త తల్లి ఆ భార్యకు మేనత్త కావచ్చు, బిడ్డకు నాయనమ్మ అయినావిడే తల్లి తరఫునా రక్తసంబంధి కావచ్చు. పెళ్లిళ్లలో, చావు కార్యాల్లో, మహానంది శివరాత్రి తిరునాళ్లలో ఆ రెండు వైపులవారూ ఎదురుపడక తప్పని సమాజంలో బిడ్డను చూడడానికి ఎవరి ఉత్తర్వూ అవసరమయ్యేది కాదు. సందర్శన హక్కు పాత ఆచారంలో హక్కు రూపంలో కనిపించకపోవడానికి కారణం బంధువర్గమే ఆ పని చేయడమని భావించడం సమంజసం. అయితే ఈ ఏర్పాటు పెద్దల దయ మీద నిలిచినదే. వైరం ముదిరితే తల్లికి మొరపెట్టుకొనే చోటు ఉండేది కాదు.

కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉన్న నంద్యాలలో ముస్లిం కుటుంబాలకు వేరే న్యాయం వర్తించేది. హనఫీ సంప్రదాయంలో హిజానత్ అనే నియమం ప్రకారం కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు యుక్తవయసు వచ్చే వరకు తల్లి దగ్గరే పెరగాలి. తల్లి లేనప్పుడు ఆ హక్కు ముందుగా అమ్మమ్మకు చేరుతుంది. బిడ్డకు సమీప బంధువు కాని పరాయివాణ్ణి తల్లి పెళ్లాడితే ఆ హక్కు పోతుంది. గార్డియన్‌షిప్ మాత్రం తండ్రిదే. పరిమితులు ఉన్నప్పటికీ, తల్లి పెంపకాన్ని స్పష్టమైన హక్కుగా ఈ ప్రాంతంలో మొదట గుర్తించినది ఈ న్యాయమేనని చెప్పవచ్చు.

ఈస్టిండియా కంపెనీ 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి ఆ సీమను తన ఏలుబడిలోకి తీసుకుంది. అదే ఏడాది ఇంగ్లండులో, కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి పోరాట ఫలితంగా, ఏడేళ్ల లోపు బిడ్డల కస్టడీ కోసమూ పెద్ద బిడ్డలను చూడడం కోసమూ తల్లి న్యాయస్థానాన్ని వేడుకొనే వీలు కల్పిస్తూ చట్టం వచ్చింది. అంతవరకు అక్కడి తల్లికీ తండ్రి అధికారం ముందు నిలబడే హక్కు లేదు. భారతదేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఈ వివాదాలను జిల్లా కోర్టుకు అప్పగించింది. మైనరు వయసు, మతం, గార్డియన్ కాగోరేవారి శీలం, బంధుత్వపు దగ్గరితనం, తెలివి వచ్చిన బిడ్డ ఇష్టం చూడాలని ఒకచోట చెప్పిన ఆ చట్టమే, తండ్రి అనర్హుడని తేలితే తప్ప మరొకరిని నియమించరాదని మరొకచోట నిబంధన పెట్టింది. ఆ తరువాతి వందేళ్ల వ్యాజ్యాలన్నీ ఈ రెండు మాటల మధ్య నలిగినవే.

ఆ నలుగుడుకు ప్రసిద్ధ ఉదాహరణ రాయలసీమ తెలుగు కుటుంబానిదే, అది విడాకుల వ్యాజ్యం కాకపోయినా. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందాన్ని తండ్రి నారాయణయ్య 1910లో రాతపూర్వకంగా థియోసాఫికల్ సొసైటీ అధ్యక్షురాలు అనీబిసెంటు సంరక్షణకు అప్పగించి, 1912లో తిరిగి ఇమ్మని దావా వేశాడు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది; 1914లో లండనులోని అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్, పిల్లలు ఇంగ్లండులో ఉన్నందున దావా వేసిన కోర్టుకు అధికార పరిధి లేదనీ, వారి ఇష్టాన్ని కనుక్కోకుండా నిర్ణయించడం సరికాదనీ ఆ తీర్పును కొట్టివేసింది. తండ్రి అధికారం పవిత్రమైన బాధ్యతే గాని అమ్ముకొనే సొత్తు కాదన్న ఆ తీర్పు భావన నేటి కస్టడీ వ్యాజ్యాలకూ పునాది.

అప్పట్లో ఈ సీమ భాగమైన మద్రాసు రాష్ట్రం 1949లో ద్విభార్యత్వ నిషేధ, విడాకుల చట్టం చేసి, ఆచారంలో విడాకులు లేని హిందువులకూ కోర్టు తలుపు తెరిచింది. కర్నూలు 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లలోనే పార్లమెంటు హిందూ వివాహ చట్టాన్ని (1955), మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టాన్ని (1956) ఆమోదించింది. రెండోది తండ్రినే సహజ గార్డియన్‌గా ఉంచినా, ఐదేళ్ల లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలనీ, బిడ్డ సంక్షేమమే అన్నిటికన్న ముఖ్యమనీ నిర్దేశించింది. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టాలు షెడ్యూల్డు తెగలకు వర్తించవు గనుక, నల్లమల చెంచు గూడేల్లో ఆచారమే నిలిచింది. తక్కిన కులాల ఆచార విడాకులనూ 1955 చట్టం రద్దు చేయలేదు. పంచాయితీ పత్రం మీద విడిపోయినవారి బిడ్డ వ్యాజ్యం మాత్రం కోర్టులో కొత్తగా మొదలు కావలసిందే.

బిడ్డలు తల్లిదండ్రుల ఆటవస్తువులు కారని సుప్రీంకోర్టు 1973లో రోజీ జాకబ్ వ్యాజ్యంలో స్పష్టం చేసింది. తండ్రి బతికి ఉన్నా, అతను పట్టించుకోనప్పుడు తల్లి సహజ గార్డియన్ కాగలదని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి పెంచే ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటు కల్పించాలని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది.

సందర్శన హక్కు ఇంతకాలానికి ముందు వరుసలోకి రావడానికి కారణం న్యాయశాస్త్రం ఒక్కటే కాదు. మేనరికాలు తగ్గి, నంద్యాల, ఆళ్లగడ్డ యువత హైదరాబాదు, బెంగళూరు, అమెరికా చేరి, పెళ్లికి ముందు పరిచయం లేని రెండు కుటుంబాల మధ్య విడాకులు జరిగినప్పుడు, చుట్టరికం చేయలేని పనిని ఉత్తర్వు చేయవలసి వచ్చింది. నెలలో ఏ ఆదివారాలు, ఏ చోట, దసరా, సంక్రాంతి సెలవుల్లో ఎన్ని రోజులు, బిడ్డను ఎవరు తెచ్చి ఎవరు తీసుకుపోవాలి అన్నవి నేటి ఉత్తర్వుల్లో అక్షరాలా ఉంటాయి. దూరాన ఉన్న తల్లి లేదా తండ్రికి వీడియో కాల్ హక్కునూ 2020లో సుప్రీంకోర్టు గుర్తించింది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయినా, గార్డియన్ పిటిషన్ వేయవలసింది బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులోనే గనుక, బిడ్డ బెంగళూరులో ఉంటే మహానంది మండలంలోని తండ్రి అక్కడికే పోవాలి. విదేశాలకు తరలించిన బిడ్డల వాపసు గురించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు గనుక, సముద్రాలు దాటిన వివాదంలో దారి ఇంకా కష్టం. కస్టడీ ఉత్తర్వు ఏదీ శాశ్వతం కాదు. బిడ్డ ఎదిగే కొద్దీ, పరిస్థితులు మారే కొద్దీ దాన్ని సవరించమని తల్లి గాని తండ్రి గాని మళ్లీ అదే కోర్టును అడగవచ్చునని 1955 చట్టంలోని 26వ సెక్షన్ చెబుతోంది.