పదకొండో ఇన్నింగ్స్: 1870 నాటి బ్రూక్లిన్ పోటీ

బేస్‌బాల్ వృత్తి క్రీడగా రూపుదిద్దుకుంటున్న తొలి ఏళ్లలో జరిగిన పోటీలలో, 1870 జూన్ 14న బ్రూక్లిన్ నగరంలోని క్యాపిటోలిన్ మైదానంలో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్ల మధ్య జరిగిన పోటీకి ప్రత్యేక స్థానం ఉంది. డబ్బు తీసుకుని ఆడటాన్ని అంతవరకు నిషేధించిన బేస్‌బాల్ ఆటగాళ్ల జాతీయ సంఘం 1869లో ఆ నిబంధనను సడలించడంతో, ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలిచ్చిన మొదటి జట్టుగా రెడ్ స్టాకింగ్స్ బరిలోకి దిగింది. ఇంగ్లండులో పుట్టి, న్యూయార్క్ ప్రాంతంలో క్రికెట్ ఆడి జీవనం సాగించిన హ్యారీ రైట్ దానికి సారథి. అతని తమ్ముడు జార్జ్ రైట్ 1,400 డాలర్లతో జట్టులోకెల్లా ఎక్కువ జీతం పొందిన ఆటగాడు. కఠినమైన సాధన, క్రమశిక్షణ ఫలించి, ఆ జట్టు 1869లో ఒక్క ఓటమి కూడా ఎరుగక, బ్రూక్లిన్ చేరేనాటికి వరుసగా 80కి పైగా విజయాలు సాధించింది.

నాటి ఆట నేటి ఆటకు కొంత భిన్నమైనది. పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు, చేతిని నడుము కిందినుంచి ఊపి 45 అడుగుల దూరం నుంచి బంతి వేసేవాడు. ఫీల్డర్లు సాధారణంగా వట్టి చేతులతోనే బంతిని పట్టేవారు. ముగ్గురు ఔటయ్యే వరకు ఒక జట్టు బ్యాటింగ్ చేసి, తరువాత రెండో జట్టు కూడా అలాగే చేస్తే ఒక ఇన్నింగ్స్ పూర్తవుతుంది. బంతి కొట్టిన ఆటగాడు మైదానంలోని బేస్‌లను, అంటే గుర్తించిన స్థానాలను, వరుసగా చుట్టి వస్తే ఒక పరుగు. పోటీకి తొమ్మిది ఇన్నింగ్స్.

తలా 50 సెంట్లు చెల్లించి వేలాదిగా వచ్చిన ప్రేక్షకుల ముందు ఆధిక్యం చేతులు మారుతూ పోటీ సాగగా, తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోరు 5–5 వద్ద నిలిచింది. ఓటమి ఎరుగని జట్టుతో సమంగా నిలవడమే గౌరవమని భావించిన అట్లాంటిక్స్ డ్రాకు సిద్ధపడగా, హ్యారీ రైట్ అందుకు అంగీకరించలేదు. నిబంధనల విషయంలో ప్రామాణికుడిగా పేరొందిన పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్, ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే తప్ప ఆట ఆగకూడదని తేల్చడంతో పోటీ కొనసాగింది.

పదకొండో ఇన్నింగ్స్‌లో రెడ్ స్టాకింగ్స్ రెండు పరుగులు చేసి 7–5తో ముందంజ వేసింది. అయితే అట్లాంటిక్స్ వంతు రాగానే జో స్టార్ట్ కొట్టిన బంతి కుడివైపు జనం మధ్యకు దొర్లిపోగా ఒక పరుగు వచ్చింది, స్టార్ట్ మూడో బేస్ చేరాడు. తరువాత కెప్టెన్ బాబ్ ఫెర్గూసన్, రెండు, మూడు బేస్‌ల మధ్య కాపలా కాసే షార్ట్‌స్టాప్ స్థానంలో ఉన్న జార్జ్ రైట్‌కు బంతి అందకుండా ఉండేందుకు ఎడమచేతి వాటంగా నిలబడి కొట్టి స్కోరు సమం చేశాడు. ఆపై సిన్సినాటి ఫీల్డింగ్ పొరపాట్లతో అతడే గెలుపు పరుగు కూడా చేయగా, పోటీ 8–7తో ముగిసింది.

ఓటమి మచ్చ పడిన తరువాత రెడ్ స్టాకింగ్స్‌కు జనాదరణ తగ్గింది. ఖర్చు భరించలేక ఆ క్లబ్ 1870 చివర్లో జీతాల జట్టును రద్దు చేసింది. రైట్ సోదరులు బోస్టన్‌కు తరలి, 1871లో ఏర్పడిన తొలి వృత్తి ఆటగాళ్ల సంఘంలో అక్కడి జట్టుకు పునాది వేశారు. అజేయ రికార్డును డ్రాతో కాపాడుకునే అవకాశం చేతిలో ఉండి కూడా ఫలితం తేలేదాకా ఆడాలని పట్టుబట్టిన హ్యారీ రైట్, ఆ రోజు పోటీని కోల్పోయినా, ప్రేక్షకుడు డబ్బిచ్చి చూసే ఆటకు ఉండవలసిన నిజాయితీని నిలబెట్టాడు.