షాకుల్లో గాలి: విమానం కాళ్ళ నుంచి గోల్డ్ వింగ్ దాకా

ఈ ఎపిసోడ్ మా రెంటచింతల నుంచే. ఎండాకాలం వార్తల్లో తప్ప మా ఊరి పేరు బయటికి పెద్దగా రాదు. ఇవాళ ఆ ఎండతో కూడా పనుంది, చెప్తా.

అమెరికాలో ఉండే మన ప్రేక్షకుడొకాయన 1981 హోండా గోల్డ్ వింగ్ జీఎల్ 1100 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. "ముందు షాకులకు టైరుకున్నట్టే వాల్వ్ ఉంది. బంకులో గాలి కొట్టించొచ్చా?" అని అడిగారు. వద్దండి. ఆ బండి ఇంకా బంకుకు వెళ్ళకపోతే ముందు ఈ ముక్క వినండి. ఫోర్కు లోపల గాలి ఉండే చోటు చాలా చిన్నది. బంకు కంప్రెషర్ ఒక్కసారి బుస్సుమందంటే ఆయిల్ సీళ్ళు లేచిపోతాయి.

అసలు షాకులోకి గాలి ఎందుకొచ్చింది? మన బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీలకు అన్నీ ఇనప స్ప్రింగులే, అందుకే మనలో చాలామందికి ఇది వింత. ఈ కథ బండ్ల దగ్గర కాదు, విమానాల దగ్గర మొదలైంది. ఇంగ్లండులో జార్జ్ డౌటీ అని గ్లాస్టర్ విమానాల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగి ఉండేవాడు. చక్రంలోపలే స్ప్రింగు పెట్టే డిజైన్ ఒకటి చేశాడు. 1931లో దానికి ఆరు చక్రాల ఆర్డర్ వచ్చింది. ఎక్కణ్ణుంచో తెలుసా? జపాన్ కవాసాకి నుంచి! తర్వాత మన బజాజ్‌తో కలిసి బండ్లు చేసిన ఆ కవాసాకీయే. ఆరంటే ఆరు చక్రాలకి ఉద్యోగం మానేశాడు. నేనూ ఉద్యోగం మానేసి వీడియోల్లోకి వచ్చినోణ్ణే గానీ, చేతిలో ఆరు ఆర్డర్లు కూడా లేవు.

విమానం దిగేటప్పుడు దెబ్బ తట్టుకునే కాళ్ళు ఉంటాయి కదా, వాటిలో నొక్కుకున్న గాలి స్ప్రింగు పని చేస్తుంది, నూనె ఆ ఊపుని ఆపుతుంది. డౌటీ కంపెనీ దీన్నే బండికి తెచ్చింది. 1939లో వెలోసెట్ కేటీటీ రేసు బండికి వెనక గాలి షాకులు వచ్చాయి. యుద్ధం అయ్యాక, 1948లో, వెలోసెట్ రోడ్డు బండ్ల ముందు ఫోర్కులో డౌటీ ఓలియోమాటిక్ పెట్టారు. లోపల ఇనప స్ప్రింగే లేదు, మొత్తం గాలే. వెనక మనిషి ఎక్కితే ఇంకాస్త గాలి కొట్టుకోవచ్చు, స్పానర్ కూడా అక్కర్లేదు. ఎంత బాగుంది! కానీ సీలు కారిందా, బండి ముక్కు నేలకేసి కూర్చుంటది. 1950ల మొదట్లోనే వెలోసెట్ మళ్ళీ స్ప్రింగుకి వెళ్ళిపోయింది.

హోండా తెలివి ఇక్కడ. 1980 జీఎల్ 1100లో స్ప్రింగు తియ్యలేదు, దానికి గాలిని తోడు పెట్టింది. గాలి పోయినా స్ప్రింగు బండిని నిలబెడుతుంది. నా లెక్కలో డౌటీ కన్నా ఇదే అసలైన ఇంజనీరింగ్. బ్యాకప్ లేకుండా సర్వర్ నడిపినోళ్ళకి నా బాధ అర్థమవుతుంది.

ఇప్పుడు మా ఎండ సంగతి. జనవరి తెల్లారుజామున 17 డిగ్రీల్లో మీరు ఫోర్కులో 10 పీఎస్ఐ పెట్టారనుకోండి. మే నెల మధ్యాహ్నం 47 డిగ్రీలు. గేజి చూపించేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్నదాన్నే. కాబట్టి 14.7 కలిపితే లోపల అసలు ఒత్తిడి 24.7. వేడికి అది పది శాతం పెరిగి 27.3 దాకా పోతుంది. అంటే గేజి మీద 12.6. ముట్టుకోకుండానే పావు వంతు ఎక్కువ! అదే 30 పీఎస్ఐ ఉన్న టైరులో ఈ పెరుగుదల 15 శాతమే. ఒత్తిడి తక్కువ పెట్టేకొద్దీ ఎండ ప్రభావం ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

పద్ధతి ఏందంటే, సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. సైకిల్ పంపుతో మెల్లగా కొట్టండి. చిన్న అంకెలు స్పష్టంగా కనిపించే గేజి కొనండి. గేజి పెట్టి తీసిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది, అది లెక్కలో ఉంచుకోండి. అంకె ఎంతో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటొద్దు. రెండు కాళ్ళకీ వేరే వాల్వ్‌లుంటే రెండూ సమానంగా ఉండాలి. ఫోర్కు ఆయిల్ కూడా కొలిచి పొయ్యండి. నూనె ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, గుంటలో పడ్డప్పుడు బండి రాయిలా బిగుస్తుంది.

కామెంట్లలో మళ్ళీ అడుగుతారని ముందే చెప్తున్నా. పల్సర్ వెనక నైట్రాక్స్ అని రాసిన డబ్బా ఉంటుంది చూడండి, అది ఈ రకం కాదు. అక్కడ బరువు మోసేది స్ప్రింగే. లోపలి నైట్రోజన్ నూనె నురగ కట్టకుండా చూస్తుంది. దాన్ని విప్పే ప్రయత్నం చెయ్యొద్దు.

రోడ్డు బండ్ల ఫోర్కుల్లో గాలి మెల్లగా తగ్గిపోయింది గానీ, మట్టి రేసుల్లో మళ్ళీ వచ్చింది. 2013లో హోండా సీఆర్ఎఫ్ 450ఆర్ గాలి ఫోర్కుతో దిగింది. అదే ఏడాది ఇంకో కంపెనీ కేఎక్స్ 450ఎఫ్ కూడా. ఎవరిదంటారా? ఆరు చక్రాల ఆర్డర్ ఇచ్చిన కవాసాకిదే.