ఆకులో చేప, ఓవెన్‌లో చేప

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో చిన్న ఓవెన్ కొన్నాడు. కొన్న వారానికే అందులో చేప వండి ఫోటో పంపాడు. కింద "మామా, అరగంటలో అయిపోయింది" అని రాశాడు. ఆ ఫోటో మా అవ్వకి చూపించాను. ఆమె ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "వెండి కాగితంలో చుట్టాడేం? వాడికి ఆకు దొరకలేదా?" అంది.

ముందు వాడి వంట చెబుతాను. చేప ముక్కలు అరకిలో. వాటికి పసుపు, కారం, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల పెరుగు, ఉప్పు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచాడు. ఈలోగా ఓవెన్‌ను 200 డిగ్రీలకు వేడెక్కించాడు. ముక్కల్ని రేకు కాగితంలో పొట్లం కట్టి పదిహేను నిమిషాలు లోపల పెట్టాడు. ఆఖర్లో పొట్లం విప్పి, పైన ఎర్రబడేదాకా ఇంకో నాలుగు నిమిషాలు ఉంచాడు. ముల్లు దగ్గర కండ తెల్లబడి పొరలుగా విడిపోతే చేప ఉడికినట్టే. మేక మాంసంలా గట్టిది కాదు కాబట్టి చేప తొందరగా ఉడుకుతుంది. ఎక్కువసేపు ఉంచితే పీచులా ఎండిపోతుంది.

ఇక మా అవ్వ వంట. వాగు చేపను కడిగి, ఉప్పు, పసుపు, దంచిన మిరపకాయ, చింతచిగురు పట్టిస్తుంది. పచ్చి అడ్డాకులు రెండు మూడు పొరలు వేసి చుట్టి, అడ్డ నారతోనే కడుతుంది. ఆ పొట్లాన్ని మంట మీద పెట్టదు. నిప్పులు పక్కకు జరిపి వేడి బూడిదలో కప్పుతుంది. పై ఆకు మాడుతుంది, లోపలి ఆకు చెమరుస్తుంది. చేపలో ఉన్న నీరే ఆవిరై చేపను ఉడికిస్తుంది. రేకు పొట్లంలో జరిగేదీ ఇదే. కాకపోతే వాడికి డిగ్రీలు చూపించే మీట ఉంది. అవ్వ బూడిద మీద అరచెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి చూస్తుంది, అంతే.

ఈ మసాలాలో ఏది ఎప్పటిదో కూడా చూద్దాం. పసుపు, అల్లం చాలా పాతవి. హర్యానాలోని ఫర్మానాలో సింధు నాగరికత కాలం నాటి కుండ పెంకుల మీద పసుపు, అల్లం ఆనవాళ్లు దొరికాయి. అవి 4,000 ఏళ్లకు పైబడినవి. మిరపకాయ అలా కాదు. అది అమెరికా ఖండం మొక్క. వాస్కోడిగామా 1498లో కాలికట్ చేరాక, పోర్చుగీసు ఓడల దారిలో ఈ దేశానికి వచ్చింది. అంతకు ముందు కారమంటే మిరియమే. 1747లో లండన్‌లో హన్నా గ్లాస్ అనే ఆమె అచ్చు వేసిన వంటల పుస్తకంలో "ఇండియా పద్ధతి" కూర ఒకటి ఉంది. అందులోనూ వేసింది మిరియాలు, ధనియాలే. అంటే మనం తాతల నాటిదనుకునే ఎర్ర కారం మన ఆకు పొట్లంలోకి ఆలస్యంగా వచ్చిన చుట్టం. ఆకు, నిప్పు, చేప దానికంటే ముందువి. మిరపకాయ బయటి నుంచి వచ్చిందని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. మా అవ్వయితే ఈ మాట నమ్మలేదు.

అయితే ఆ లండన్ కూరకు అచ్చయిన పుస్తకం ఉంది. మన ఆకు చేపకు లేదు. మన తిండి గురించి ప్రభుత్వాలు రాసిన కాగితాలు వెతికితే, ఎక్కువగా కనబడేవి పన్నులు, నిషేధాలు. 1879 రంప పితూరీకి కారణాల్లో కల్లు మీద పన్ను ఒకటి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాతి 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్‌లో, రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా చేస్తే నేరమయ్యే పనుల వరుసలో వేట పక్కనే చేపలు పట్టడం కూడా ఉంది. వాగులో వల వేసినవాడు ఏ రోజైనా ముద్దాయి కావచ్చు.

2006 అటవీ హక్కుల చట్టంలో చేప మళ్లీ కనబడుతుంది. ఈసారి హక్కుగా. 3వ సెక్షన్ 1వ ఉపసెక్షన్‌లోని (డి) చదవండి. చేపలు, నీటి వనరుల ఇతర ఉత్పత్తులు, పశువుల మేత సామూహిక హక్కులని రాసి ఉంది. 2008 నియమాలతో వచ్చిన ఫారం-బిలో చేపలకు, నీటి వనరులకు ఒక గడి కూడా పెట్టారు.

మా ఊరి ఫారం-బి నింపింది నేనే. అప్పుడు అందరి ధ్యాసా పోడు పట్టాల మీదే. చదువుకున్నవాణ్ని కదా అని కలం నా చేతికిచ్చారు. వెదురు రాశాను, అడ్డాకు రాశాను, చింతపండు రాశాను. చేపల గడి దగ్గర "లేదు" అని గీత కొట్టాను. వాగు చేప కూడా ఒక హక్కా అనిపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తిన్నది ఆకులో కాల్చిన చేపే.

మేనల్లుడి ఫోటో చూశాక ఆ గీత గుర్తొచ్చింది. నియమాలు తీసి మళ్లీ చదివాను. 13వ నియమం ప్రకారం, హక్కు అడుగుతున్నవాళ్లు కాకుండా ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది సాక్ష్యమే. సామూహిక అటవీ వనరుకు చూపించదగిన ఆనవాళ్లలో మేత బీళ్లు, దుంపలు తవ్వే చోట్లతో పాటు చేపలు పట్టే చోట్లూ ఉన్నాయి. ఉపాధ్యాయ మిత్రులు ఇది గమనించాలి. ఏ నెలలో ఏ మడుగులో ఏ చేప దొరికేది, ఎలా పట్టేవాళ్లు, ఎలా వండేవాళ్లు అని పిల్లలు పెద్దల్ని అడిగి నోటుపుస్తకంలో రాస్తే, అది తెలుగు కాంపోజిషన్‌గానే మిగిలిపోదు. గ్రామసభ ముందు పెట్టదగిన కాగితానికి మొదటి చిత్తుప్రతి అవుతుంది. పెద్దల పేరు, వయసు, చెప్పిన తేదీ మాత్రం మరవకుండా రాయించండి.

సంక్రాంతికి మేనల్లుడు ఊరొచ్చాడు. అవ్వని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వాగు పైనుంచి కింద దాకా మడుగుల పేర్లు అడిగాం. కొర్రమీను దాక్కునే బురద మడుగు, జెల్లలు పడే రాళ్ల సందు, ఎండాకాలం ఆడవాళ్లంతా కలిసి నీళ్లు తోడి చేపలు ఏరుకునే గుంట, ఒకదాని వెంట ఒకటి చెప్పింది. కొన్నింటికి ఇప్పుడు పేరే మిగిలింది, నీళ్లు లేవు. అవీ రాశాం. వాడు ఫోనులో టైపు చేస్తుంటే నేను పలకడం సరిచూశాను. పదకొండు వచ్చాయి. పన్నెండోది అవ్వకి నోటి చివర ఉండి కూడా రాలేదు. పక్క గూడెంలో ఆమె చెల్లెలు ఉంది, ఆమెకి తెలుసంది. తర్వాతి గ్రామసభ లోపు ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్లాలి.