సరిహద్దు దాటని సీడ్ పత్తి: పశ్చిమ కర్నూలు నుంచి దిగుమతి నిషేధాలపై ఒక పరిశీలన

హైబ్రిడ్ పత్తి విత్తనం చేతివేళ్ల మీద తయారవుతుంది. సాయంత్రం ఆడ వరసలో మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. క్రాసింగ్ అనే ఈ పని పూత ఉన్నన్నాళ్లూ ఒక్క పూట కూడా ఆగకూడదు. కర్నూలు జిల్లా సీడ్ పత్తి చేలల్లో దీనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టారు. తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు ముందే పడేది. చిన్న వేళ్లకే ఈ పని కుదురుతుందన్నది సాకు, అసలు లెక్క తక్కువ కూలి.

2009లో అమెరికా కార్మిక శాఖ వెలువరించిన జాబితాలో భారత హైబ్రిడ్ పత్తి విత్తనం బాల కార్మికుల కిందా, నిర్బంధ శ్రమ కిందా చేరింది. జాబితా సరుకును ఆపదు. నిర్బంధ శ్రమతో తయారైన సరుకు దిగుమతిని ఆపేది 1930 నాటి అమెరికా సుంకాల చట్టంలోని 307వ సెక్షన్. దేశీయ ఉత్పత్తి చాలని సరుకులకు అందులో ఉన్న మినహాయింపు 2016లో పోయింది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ఇలాంటి నిబంధన 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది.

ఈ విత్తనం గురించి మాట్లాడేవారంతా పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాల దగ్గరే మొదలుపెడతారు. లూసియా ద కోర్టాతో కలిసి 2005లో ఆయన చూపింది కంపెనీ రైతుకిచ్చే ధరకూ బాలల శ్రమకూ ఉన్న లంకె. అడ్వాన్సుల సంగతి ఆయన ఎరగనిది కాదు. అయినా బరువంతా ధర మీదే పడటంతో పరిష్కారం కంపెనీ చేతిలోకీ, దాన్ని నిలదీసే విదేశీ కొనుగోలుదారు చేతిలోకీ వెళ్లిపోయింది. విదేశీ ఒత్తిడి తర్వాత కొన్ని కంపెనీలు పిల్లలను పెట్టని రైతులకు అదనపు ధర ఇచ్చిన మాట నిజమే.

పశ్చిమ కర్నూలులోని హాలహర్వి వైపు నుంచి చూస్తే ముందు కనబడేది ధర కాదు, అప్పు. హాలహర్వి, హొళగుంద, కోసిగి వానమీద బతికే మండలాలు. వాన తప్పితే సంసారాలు మూట కట్టుకుని గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు సుగ్గికి పోతాయి. మేస్త్రీ ఇచ్చిన పైకం ముందే ఖర్చయిపోతుంది, పిల్లలు వెంట నడుస్తారు. వెంట వెళ్లని పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరవాల్సి వచ్చిందంటే ఈ కదలిక ఎంత పెద్దదో ఊహించవచ్చు. సుగ్గికీ సీడ్ పత్తికీ పంట వేరు, కట్టిపడేసే ముడి మాత్రం ఒకటే.

పైగా ఆ హైబ్రిడ్ విత్తనం ప్రధానంగా దేశంలోనే అమ్ముడుపోతుంది, కస్టమ్స్ గుమ్మం పెద్దగా తొక్కదు. దాని నుంచి పండిన పత్తి ఆదోని మార్కెట్‌కు చేరి, జిన్నింగు దాటి, నూలై బట్టగా ఓడెక్కేసరికి మొగ్గ విప్పినదెవరో అడిగే నాథుడుండడు. 307వ సెక్షన్‌లో ‘కొంత భాగమైనా’ అన్న మాట ఉంది గనుక విత్తనాన్నీ లెక్కలోకి తీసుకోవాలని వాదించవచ్చు. అది కాగితం మీది వాదం.

చైనాలోని షింజియాంగ్ సరుకుపై 2021లో వచ్చిన అమెరికా చట్టం, నిర్బంధ శ్రమ లేదన్న రుజువు బాధ్యతను దిగుమతిదారు నెత్తిన పెట్టింది. దాన్నొక కొత్త ఆలోచనగా మెచ్చుకునేవారు 1976 నాటి భారత వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని తిరగేసినట్టు లేదు. అందులోని 15వ సెక్షన్ ప్రకారం తనది వెట్టి అప్పని కూలీ అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనానికి తక్కువిచ్చి చేయించే పని కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వెట్టి అప్పు రద్దయిందని విడుదల పత్రం ఇవ్వాల్సింది జిల్లా యంత్రాంగమే. దానికి ఓడరేవుతో పని లేదు.