సహకారము
బహుళ సంస్కృతుల లోకమున సామాజిక శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సహకారమును గూర్చి చదువునప్పుడెల్ల నాకు ముందుగా స్ఫురించునది మామిడిచెట్టు. ఏలయన అమరకోశమున సహకారమనగా మిక్కిలి సువాసనగల తియ్యమామిడి, శాకుంతలమున వనజ్యోత్స్న యను నవమాలికాలత స్వయముగా వరించినదియు దానినే. ‘సహ’తో ‘కృ’ ధాతువు కూడి కలసి చేయుట యను అర్థ మొసగగా, దార్శనికులు ప్రధానకారణమునకు తోడగుదానిని సహకారి యనిరి: మొలకకు విత్తనము ప్రధానము, నేలయు నీరును సహకారులు. సహాయము, సహచరుడు దీనికి చుట్టములు. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము పిమ్మట ఈ భావము పల్లెలలోనికిని వచ్చినది. నేడో, ‘ఒళ్లు సహకరించడం లేదు’, ‘అధికారులకు సహకరించండి’ అను వాడుకలలో కలసి చేయుట సన్నగిల్లి, ఎదురాడకుండుటయే మిగిలినది. యునెస్కో పూనికతో 1952లో అంతర్జాతీయ సామాజిక శాస్త్ర మండలి ఏర్పడినది కలసి చేయుట యను అర్థముతోనే. కాని ప్రశ్నావళి యొక దేశమున సిద్ధమై, మరొక దేశమున ఎండలో గడపగడపకు తిరిగి దానిని నింపినవాని పేరు గ్రంథమున కానరానిచో, దానిని సహకారమనుటకు నా మనసొప్పదు. ప్రశ్నావళిలో ఇల్లనగా నాలుగు గోడలా, ఒకే పొయ్యిమీద వండుకొని తినువారా యని నిర్ణయించునాడే ఆ తిరిగినవానిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.