బిషప్ వి.ఎస్. అజరయ్య: సమానత్వం కోసం ఒక ప్రశ్న

విదేశీ మిషనరీలు మాకెంతో సేవ చేశారు, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడటం లేదు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య చెప్పిన మాటల సారాంశం ఇది. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఆయన, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

దీన్ని కేవలం పదోన్నతిగా భావించకండి. ఆయన అడిగిన సమానత్వం ఇప్పుడు ఆయనే ఆచరించి చూపాల్సి వచ్చింది. దోర్నకల్ విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. వారిలోంచి తెలుగు గురువులను తయారుచేశారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌ను మీరు చూస్తే, అందులో హిందూ, ముస్లిం నిర్మాణ రీతులను గుర్తిస్తారు. 1945 జనవరి 1న ఆయన మరణించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సేవకూ స్నేహానికీ మధ్య అజరయ్య చూసిన తేడా ఏమిటి?